ఇద్దరు దోస్తులు, ఒకే బరువు: ఓరుగల్లు నేపథ్యంలో బాక్సింగ్ సినిమా స్క్రిప్టు ఎలా రాయాలి

బాక్సింగ్ సినిమా రాయాలనుకునేవారు సాధారణంగా చివరి బౌట్‌ను, అంటే రింగులో జరిగే ఆఖరి పోటీని, ముందుగా ఊహించుకొని, అక్కడికి చేరే దారిని తరువాత వెతుక్కుంటారు. ఇద్దరు స్నేహితులు ప్రత్యర్థులయ్యే కథను ఆ వరుసలో రాస్తే, వారిని విడదీయడానికి ఎక్కడో ఒకచోట ఒక విలన్‌నో, ఒక అపార్థాన్నో, ఒక అమ్మాయినో మధ్యలోకి లాగవలసి వస్తుంది. ఈ ఆటకు అవేవీ అక్కరలేదు. ఏళ్ల తరబడి కలిసి స్పారింగ్ (సాధన కోసం ఒకరితో ఒకరు తలపడటం) చేసిన ఇద్దరిలో ప్రతి ఒక్కరికీ రెండోవాడి లోపం ఎక్కడుందో కోచ్ కంటే బాగా తెలుస్తుంది. కలిసి సాధన చేసినంతకాలం దాన్ని దిద్దుతాడు, ఎదురెదురుగా నిలబడిన రోజున సరిగ్గా అక్కడే కొడతాడు. మీ స్క్రిప్టు మొత్తం ఈ ఒక్క విషయం మీద నిలబడాలి. హనుమకొండ, కాజీపేట, గోదావరిఖని ప్రాంతాల్లో తక్కువ ఖర్చుతో తీయగలిగేలా దాన్ని ఎలా రాసుకోవాలో వరుసగా చెబుతాను.

ముందు బరువు, తరువాత పేర్లు

పాత్రలకు పేర్లు పెట్టకముందే వారి బరువును నిర్ణయించండి. జట్టులో ఒక్కో బరువు విభాగానికి సాధారణంగా ఒక్కరికే చోటు ఉంటుంది కాబట్టి, ఇద్దరు స్నేహితులు ఒకే విభాగంలోకి వచ్చిన క్షణంలోనే, ఎవరూ ఎవరికీ ద్రోహం చేయకుండానే, పోటీ మొదలవుతుంది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో పురుషులకు 51, 57, 63.5, 71, 80, 92 కిలోలు, ఆపైన ఒకటి కలిపి ఏడు విభాగాలు ఉండగా, మహిళలకు 50, 54, 57, 60, 66, 75 కిలోల విభాగాలు ఆరు ఉన్నాయి. 51కీ 57కీ మధ్య ఉన్న ఆరు కిలోల ఖాళీని చూడండి. పదిహేడేళ్ల వయసులో ఒకడు 51లో, మరొకడు 57లో ఆడుతుంటే వారి మధ్య అసూయకు తావే లేదు; ఒకరి బౌట్‌కు మరొకరు నీళ్ల సీసా పట్టుకొని నిలబడతారు. పంతొమ్మిదికి వచ్చేసరికి మొదటివాడు ఎత్తు పెరిగి, ఎంత కడుపు మాడ్చుకున్నా 51కి దిగలేక, దోస్తు ఉన్న 57కి ఎక్కవలసి వస్తుంది. అంతకంటే నిర్దోషమైన కారణం మీకు దొరకదు, అంతకంటే కఠినమైనది కూడా దొరకదు.

బరువు కథను ఎంతగా నడిపిస్తుందో తెలియాలంటే నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్ ప్రయాణం చూడండి. 2022లో ఇస్తాంబుల్‌లో ఆమె 52 కిలోల విభాగంలో ప్రపంచ విజేత అయ్యారు. ఆ విభాగం పారిస్ ఒలింపిక్స్‌లో లేనందున 50కి మారి, 2023లో న్యూఢిల్లీలో మళ్లీ ప్రపంచ టైటిల్ గెలిచారు. అంతకుముందు 2019 డిసెంబరులో, ఒలింపిక్ అర్హత పోటీలకు వెళ్లే ఒకే ఒక్క చోటు కోసం జరిగిన 51 కిలోల ట్రయల్‌లో, తాను ఆరాధించిన మేరీ కోమ్‌తోనే తలపడి 9-1 తేడాతో ఓడిపోయారు. ఆమె జీవితాన్ని మీరు కథగా వాడుకోమని చెప్పడం లేదు, దానికి అనుమతులు కావాలి. ఒక చోటుకు ఇద్దరు అనే పరిస్థితి ఎంత సహజంగా పుడుతుందో గమనించమంటున్నాను.

బరువు తూచే ఉదయం మీద ఒక పూర్తి సన్నివేశం రాయండి. స్నేహాన్ని చూపడానికి పాటల కంటే అది బాగా పనికివస్తుంది.

"ఎంతున్నవ్‌రా?"
"మూడొందల గ్రాములు ఎక్కువున్నది."
"చూయింగ్ గమ్ నములుకుంట ఉమ్మెయ్‌రా. దిగుతది. నేను కూడ ఉమ్ముత, తోడుంట."

ఒంట్లో నీరు తగ్గించుకోవడం ప్రమాదకరమైన పని కాబట్టి దాన్ని వీరత్వంగా చూపకండి. మీ నటుడిని మే నెల ఎండలో స్వెట్టర్ వేసి పరుగెత్తించడం అసలే వద్దు. చెమటను మేకప్ మనిషి చూసుకుంటాడు.

కథ ఏ సంవత్సరంలో జరుగుతుంది

ఈ నిర్ణయాన్ని ఆర్ట్ డైరెక్టర్‌కు వదిలేయకూడదు, ఎందుకంటే నియమాలు మారితే ముగింపు మారుతుంది. 1992 నుంచి ఒలింపిక్స్‌లో కంప్యూటర్ స్కోరింగ్ ఉండేది. ఐదుగురు జడ్జీల్లో కనీసం ముగ్గురు దాదాపు ఒకేసారి మీట నొక్కితేనే దెబ్బకు పాయింటు వచ్చేది. 2013లో దాన్ని తీసేసి పది పాయింట్ల పద్ధతి తెచ్చారు: రౌండ్ గెలిచినవాడికి పది, ఓడినవాడికి తొమ్మిది లేదా అంతకంటే తక్కువ. అదే ఏడాది పెద్దల పురుషుల విభాగంలో హెడ్‌గార్డ్ (తలకు పెట్టుకునే రక్షణ తొడుగు) తొలగించారు. మహిళలకు అది కొనసాగింది. మీ కథ 1990ల చివరలో జరిగితే ఇద్దరి ముఖాలూ హెడ్‌గార్డ్ వెనుక ఉంటాయి, తెర మీద ఎవరు ఎవరో తెలియడానికి ఎరుపు, నీలం రంగుల మీదనే ఆధారపడాలి. నా సలహా ఐదుగురు జడ్జీల లెక్కలూ తీర్పులోకి వచ్చిన 2017 తరువాతి కాలమే. ఐదుగురు జడ్జీలలో ముగ్గురు ఒకవైపు, ఇద్దరు మరోవైపు నిలిచిన తీర్పును ఇద్దరు స్నేహితులు జీవితాంతం వాదించుకోవచ్చు. పాత కంప్యూటర్ స్కోరింగ్ ఇచ్చే 11-9 అన్న అంకెతో ఆ వీలు అంతగా ఉండదు.

ఇద్దరు ఆడపిల్లల కథ రాయాలనుకుంటే ఎంతమాత్రం సంకోచించకండి. 2012 లండన్ నుంచి మహిళల బాక్సింగ్ ఒలింపిక్స్‌లో ఉంది. హెడ్‌గార్డ్ వల్ల కళ్లు మాత్రమే మాట్లాడతాయని గుర్తుంచుకొని నటీమణులను ఎంచుకుంటే చాలు.

లోపాన్ని నాటడం

ఇది మొత్తం పనిలో ఎక్కువ సమయం తీసుకోవలసిన దశ. రాయడానికి కూర్చోకముందు మీ దగ్గరలోని స్టేడియంలో గానీ, శిక్షణ కేంద్రంలో గానీ కోచ్ అనుమతి తీసుకొని కొన్ని వారాలు ఒక మూల కూర్చోండి, మొదట్లో ఫోన్ బయటికి తీయకండి. ఎవరు ఎవరికి చేతికట్టు చుడుతున్నారు, విరామ నిమిషంలో ఎవరు ఎటు చూస్తున్నారు, దెబ్బ తిన్నవాడు ముందుగా ఏం దాచుకుంటున్నాడు అన్నవి గమనించండి. పంచ్‌ల పేర్లు ఎక్కడైనా దొరుకుతాయి, ఈ అలవాట్లు మాత్రం అక్కడే దొరుకుతాయి.

తరువాత ఇద్దరికీ చెరొక లోపం ఇవ్వండి. అది సామాన్య ప్రేక్షకుడు కంటితో చూసి గుర్తుపట్టగలిగేంత స్పష్టంగా, అయితే బయటి ప్రత్యర్థి మూడు రౌండ్లలో పసిగట్టలేనంత చిన్నదిగా ఉండాలి. ఉదాహరణకు మొదటివాడు జాబ్ (ముందుచేత్తో నేరుగా కొట్టే దెబ్బ) కొట్టిన తరువాత చేతిని గడ్డం దగ్గరికి కాకుండా ఛాతీ దగ్గరికి తెచ్చుకుంటాడు. అది కూడా అలసిపోయినప్పుడు మాత్రమే. రెండోవాడు పక్కటెముకల మీద దెబ్బ పడితే ఎప్పుడూ తన ఎడమ వైపుకే జరుగుతాడు. ఇద్దరిలో ఒకడిని ఎడమచేతివాటం వాడిగా పెడితే కెమెరాకు మరింత మేలు: కుడిచేతివాడు, ఎడమచేతివాడు ఎదురుపడితే ముందుపాదాలు ఒకదానికొకటి అడ్డం వస్తాయి, తన పాదాన్ని ఎదుటివాడి పాదానికి బయటివైపు పెట్టగలిగినవాడికి కొట్టే దారి తెరుచుకుంటుంది. అప్పుడు వారి పోటీని ముఖాలు చూపకుండా బూట్లు చూపి కూడా చెప్పవచ్చు.

ఆ లోపాన్ని ప్రేక్షకుడు మూడుసార్లు చూడాలి. మొదటిసారి స్పారింగ్‌లో, దోస్తు గ్లవ్‌తో గడ్డం మీద మెల్లగా తట్టి "చెయ్యి మీదికి" అంటాడు, ఇద్దరూ నవ్వుకుంటారు. రెండోసారి రాష్ట్ర పోటీల్లో, మూడో రౌండ్‌లో చేయి జారుతుంటే తాళ్ల బయటి నుంచి అదే మాట అరుస్తాడు, వాడు వింటాడు, గెలుస్తాడు. ఆ బౌట్‌లో ఎదుటివాడు నిజామాబాద్ కుర్రాడైతే కథ నమ్మశక్యంగా ఉంటుంది. నిఖత్‌తో పాటు, 2018, 2022 కామన్వెల్త్ క్రీడల్లో కాంస్యాలు తెచ్చిన హుసాముద్దీన్ కూడా ఆ ఊరి వాడే, ఉత్తర తెలంగాణలో బాక్సింగ్ అనగానే ముందు గుర్తొచ్చే ఊరు అదే. మూడోసారి చివరి బౌట్‌లో చేయి జారుతుంది, ఆ మాట అనవలసినవాడు ఎదురుగా నిలబడి ఉంటాడు.

ఇల్లు, కొలువు, దసరా

ఓడితే వచ్చే సోమవారం ఏం జరుగుతుందో ఒక్కొక్కరికి ఒక పేజీ చొప్పున రాయండి. అది లేకపోతే ప్రేక్షకుడికి పతకం అన్నది ఒక లోహపు బిళ్లగానే మిగులుతుంది. మన ప్రాంతంలో ఈ ఆటలోకి వచ్చే కుర్రాళ్ల ఇళ్లలో పతకం అంటే చాలావరకు రైల్వేలోనో పోలీసు శాఖలోనో స్పోర్ట్స్ కోటా ఉద్యోగం, దాన్ని దాచి దేశభక్తి మాత్రమే చూపితే ఇక్కడి వాళ్లే నమ్మరు.

ఒకడిని గోదావరిఖని సింగరేణి క్వార్టర్ నుంచి తీసుకురండి. తండ్రి బొగ్గు బాయిలో మూడు షిఫ్టులూ మారుతూ పనిచేస్తాడు; ఆయన మెడికల్ అన్‌ఫిట్ అయితే కొడుకుకు డిపెండెంట్ ఉద్యోగం వచ్చే వీలుంది. కాబట్టి వాడికి ఓటమి అంటే ఆకలి కాదు, తండ్రి దిగిన బాయిలోకే తాను దిగడం. రెండోవాడిని ఓరుగల్లు నగరంలో ఒకప్పటి ఆజంజాహీ మిల్లు కార్మికుడి మనుమడిగా పెట్టండి. నిజాం కాలంలో, 1934లో మొదలైన ఆ మిల్లు మూతపడింది, తండ్రి ఆటో నడుపుతున్నాడు, వారసత్వంగా రావడానికి కొలువేదీ లేదు. ఒకడికి వద్దనుకునే ఉద్యోగం ఉంది, మరొకడికి ఏదీ లేదు. ఇద్దరూ హనుమకొండలో ఒకే అద్దె గదిలో ఉంటే ఈ తేడా అద్దె కట్టే రోజున, గ్యాస్ అయిపోయిన రోజున దానంతట అదే బయటపడుతుంది. ఏ ఒక్కడి కారణాన్నీ రెండోవాడి కారణం కంటే గొప్పది చేయకండి. ప్రేక్షకుడు ఎవరి పక్షం వహించాలో తేల్చుకోలేక ఇబ్బంది పడాలి.

ప్రదేశాల విషయంలో ఒక హెచ్చరిక. కోటలోని శిలాతోరణాలు, వేయిస్తంభాల గుడి పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి, అక్కడ చిత్రీకరణకు ముందస్తు అనుమతి తప్పనిసరి; పైగా ఓరుగల్లు అనగానే అందరూ చూపేవి అవే. ఉదయపు పరుగుకు భద్రకాళి బండ్, వీడ్కోలుకు కాజీపేట జంక్షన్ ప్లాట్‌ఫారం సరిపోతాయి. గోదావరిఖనికి వెళ్లేవాడు కాజీపేటలో రైలెక్కి రామగుండంలో దిగుతాడు, ఆ ప్రయాణానికి కథలో రెండు మూడు చోట్ల పని ఉంటుంది.

దసరాను మాత్రం వదులుకోకండి. జమ్మి చెట్టు దగ్గర పూజయ్యాక ఆకును బంగారమని చేతిలో పెట్టి అలాయ్ బలాయ్ తీసుకోవడం మన దగ్గర ఎంత మామూలో, ఒకడికి ఇవ్వకుండా పక్కకు తప్పుకోవడం అంత పెద్ద మాట. సెలక్షన్ ట్రయల్‌కు ముందు వారం దసరా వచ్చేలా కాలక్రమాన్ని అమర్చుకుంటే, మాటలు మానేసిన ఇద్దరినీ ఊరంతా చూస్తుండగా ఎదురెదురుగా నిలబెట్టవచ్చు. ఆకు ఇచ్చాడా లేదా అన్నది మీ ఇష్టం. నేనైతే ఇద్దరి తండ్రులూ ఆలింగనం చేసుకుంటుండగా కొడుకులిద్దరూ చేతుల్లో ఆకులతో నిలబడిపోయినట్టు రాస్తాను.

మాట

దృశ్య వివరణలను ప్రామాణిక భాషలో, సంభాషణలను ఓరుగల్లు, కరీంనగర్ వాడుకలో రాయండి. హైదరాబాద్ పాతబస్తీ యాసను తెచ్చి అందరి నోటా పెట్టడం మన సినిమాల్లో తరచూ జరిగే తప్పు. ఖని కుర్రాడు తండ్రిని "బాపు" అంటాడు, ఓరుగల్లు కుర్రాడు "నాయిన" అనవచ్చు. దోస్తు తల్లిని "చిన్నమ్మ" అంటారు. కోచ్ ఎప్పుడూ "సార్", పొరపాటున కూడా "గురువుగారు" కాదు. ఇద్దరి మధ్య ప్రతి వాక్యం చివరా "రా" ఉంటుంది కాబట్టి, దూరాన్ని చూపడానికి దాన్ని తీసేస్తే చాలు.

"పేరిచ్చినవా?"
"ఇచ్చిన."
"యాభై ఏడుల్నే?"
"ఆ."
"మంచిది."

ఈ సన్నివేశానికి ఇంకొక్క వాక్యం కూడా కలపకండి. ఇక్కడ కోపంగా అరిచే సంభాషణ రాస్తే నటుడికి బాగుంటుంది గానీ కథకు బాగుండదు.

సార్ ఎవరి కార్నర్‌లో నిలబడతాడు

ఒకే సెంటర్‌లో పెరిగిన ఇద్దరు తలపడితే ఈ చిక్కు తప్పదు, అయినా చాలా స్క్రిప్టులు దీన్ని పట్టించుకోవు. మీరు మొదటి పేజీ రాయకముందే జవాబు తేల్చుకోండి. ఎక్కువమంది కోచ్‌లు అలాంటప్పుడు ఇద్దరికీ దూరంగా కూర్చుంటారు, విరామంలో బాక్సర్ కూర్చునే మూలలకు, అంటే కార్నర్‌లకు, వేరేవాళ్లు వస్తారు. అది న్యాయమే. అయితే కార్నర్‌లో ఉన్నవాడికి నీళ్లు ఇవ్వడం కంటే పెద్ద బాధ్యత ఒకటుంది: తన వాడు ఇక తట్టుకోలేడని తెలిసినప్పుడు తువ్వాలు విసిరి బౌట్ ఆపించడం.

దీనికి చరిత్రలో గట్టి ఉదాహరణ ఉంది. 1967 నుంచి మూడేళ్లకు పైగా రింగుకు దూరమైన మహమ్మద్ అలీకి జో ఫ్రేజియర్ డబ్బు సాయం చేశాడు, అతన్ని తిరిగి ఆడనివ్వాలని అతని తరఫున మాట్లాడాడు. తరువాత అదే ఇద్దరు మూడుసార్లు తలపడ్డారు. 1971లో న్యూయార్క్‌లో ఫ్రేజియర్, 1974లో అలీ గెలిచారు. 1975లో మనీలాలో పద్నాలుగు రౌండ్లు గడిచాక, కళ్లు వాచి సరిగా కనిపించని ఫ్రేజియర్‌ను పదిహేనో రౌండ్‌కు లేవనివ్వకుండా శిక్షకుడు ఎడ్డీ ఫచ్ బౌట్‌ను ముగించాడు. మీ సార్ ప్రేక్షకుల మధ్య కుర్చీలో కూర్చొని ఉంటే, కుర్రాడిని పదేళ్లుగా ఎరిగినవాడు చేయవలసిన ఆ పనిని నిన్నమొన్న వచ్చిన మనిషి చేయాలి. చివరి బౌట్‌లో ఉత్కంఠ ఎక్కడి నుంచి తేవాలా అని వెతికేవారికి ఇంతకంటే మంచి చోటు నేను చూపలేను.

బౌట్లు రాయడం

మొత్తం సినిమాలో వివరంగా మూడు బౌట్లు చాలు: ఒక స్పారింగ్, ఇంటర్వెల్‌కు ముందు రాష్ట్ర పోటీ, చివర వీరిద్దరిదీ. మిగతా గెలుపోటములను ఎవరు ఎవరితో తలపడాలో చూపుతూ గోడ మీద అంటించిన డ్రా కాగితంతో, బస్సులో ముఖానికి అద్దుకున్న ఐస్ గడ్డతో చెప్పేయవచ్చు. "ఇద్దరూ హోరాహోరీగా తలపడతారు" అని రాసి ఫైట్ మాస్టర్‌కు వదిలేయడం రచయిత చేయవలసిన పని కాదు. ప్రతి రౌండ్‌కు ఎవడు ఏం కోరుతున్నాడు, ఏం చేయడానికి జంకుతున్నాడు అన్నది ఒక వాక్యంలో రాసి, ఆ తరువాతే దెబ్బల వరుసలోకి వెళ్లండి.

పెద్దల అమెచ్యూర్ (ఒలింపిక్స్ తరహా) బౌట్ అంటే మూడేసి నిమిషాల మూడు రౌండ్లు, మధ్యలో ఒక్కో నిమిషం విరామం, అంటే మొత్తం పదకొండు నిమిషాలు. చివరి బౌట్‌ను కత్తిరించకుండా దాదాపు ఆ నిడివిలోనే రాయమంటాను. మొదటి రౌండ్‌లో ఇద్దరూ తమకు తెలిసిన చోటును కావాలని తప్పించి కొడతారు, అది జడ్జీలకు మందకొడి ఆటగా కనిపిస్తుంది, ప్రేక్షకుడికి మాత్రం అసలు సంగతి తెలుసు. రెండో రౌండ్‌లో ఒకడు ఆ గీత దాటుతాడు. ఎవడు ముందు దాటాలన్నది మీ కథలో అత్యంత ముఖ్యమైన నిర్ణయం. నా ఓటు బాయిలోకి దిగక తప్పని వాడికి. మూడో రౌండ్‌లో దాచుకోవడానికి ఏమీ మిగలదు. రిఫరీ నోటి నుంచి "బాక్స్", "స్టాప్", "బ్రేక్" అనే ఆదేశాలు తప్ప వేరే మాటలు రాయకండి. "బ్రేక్" అనగానే ఇద్దరూ ఒక అడుగు వెనక్కి వేసిన తరువాతే మళ్లీ కొట్టాలి. కిందపడినవాడు వెంటనే లేచినా ఎనిమిది వరకు లెక్క పెడతారు. ఆ ఎనిమిది అంకెల్లో రెండోవాడు న్యూట్రల్ కార్నర్‌లో (ఇద్దరిలో ఎవరిదీ కాని మూలలో) నిలబడి ఏం చూస్తున్నాడో రాయండి. అమెచ్యూర్ బౌట్లు ఎక్కువగా పాయింట్లతోనే ముగుస్తాయి, వరుస నాకౌట్లు పెడితే ఆట తెలిసినవాడు థియేటర్‌లోనే నవ్వుతాడు.

ట్రైనింగ్ పాట నిర్మాత అడుగుతాడు, ఒకటి ఇవ్వండి. పాట మొదట్లో కిందికి జారిన చేయి పాట చివరికి మీదికి వచ్చి ఉండాలి. టైర్లు తిప్పడం, గుడ్లు తాగడం మాత్రమే ఉంటే దాన్ని ఎడిటింగ్‌లో మొదటగా తీసేయవచ్చు.

చిత్రీకరణకు పనికివచ్చేలా రాయడం

పోటీల రింగు తాళ్ల లోపల ఒక్కో పక్క 6.1 మీటర్లు ఉంటుంది. ఇద్దరు బాక్సర్లు, రిఫరీ, కెమెరామన్ అందులో తిరగాలి కాబట్టి ప్రతి దెబ్బనూ లోపలి నుంచే చూపాలని రాయకండి. కొట్టేవాడి భుజం మీదుగా, పొడవాటి లెన్స్‌తో తీస్తే గ్లవ్‌కూ ముఖానికీ మధ్య ఉన్న జానెడు ఖాళీ కనిపించదు. నటులు ఒకరినొకరు నిజంగా కొట్టుకోవలసిన అవసరం ఎక్కడా రాదు. దెబ్బలకు అంకెలు పెట్టి, జాబ్ ఒకటి, క్రాస్ (వెనుకచేత్తో నేరుగా కొట్టే దెబ్బ) రెండు అన్నట్టుగా, మొదట నెమ్మదిగా సాధన చేయించాలి. రిహార్సల్‌కు పోటీ గ్లవ్‌ల కంటే బరువైన, మెత్తనైన పదహారు ఔన్సులవి వాడాలి. షూటింగ్ జరిగే అన్ని రోజులూ డాక్టర్ దగ్గర ఉండాలి. పాదాల కదలిక రెండు వారాల్లో పట్టుబడదు, కొన్ని నెలల సమయం అడగండి, లేదా నిజమైన బాక్సర్లలో నటించగలిగేవారిని వెతకండి. రెండో దారి చవక కూడా.

శబ్దాన్ని స్క్రిప్టులోనే రాసుకోండి. కాన్వాస్ మీద బూటు రాసుకునే చప్పుడు, కొట్టేటప్పుడు ముక్కుతో వదిలే ఊపిరి, మౌత్‌గార్డ్ వల్ల ముద్దగా వచ్చే మాట, విరామ నిమిషం ముగుస్తుంటే కార్నర్ మనుషులను బయటికి పొమ్మంటూ వినిపించే "సెకండ్స్ ఔట్" కేక, ఇవన్నీ నేపథ్య సంగీతం కింద మునిగిపోకుండా చివరి బౌట్‌లో మొదటి రౌండ్‌కైనా సంగీతం వద్దని స్పష్టంగా పేర్కొనండి.

ఫలితం, ఆ తరువాత

ఇద్దరినీ సమానంగా నిలిపి తప్పించుకునే వీలు ఈ ఆట మీకు ఇవ్వదు. అమెచ్యూర్ పోటీలో డ్రా ఉండదు. ఒక జడ్జి లెక్కలో పాయింట్లు సమానమైతే ఆయన ఎవరో ఒకరిని విజేతగా ఎంచుకొని తీరాలి. తీర్పు వినేదాకా రిఫరీ ఇద్దరి మణికట్లూ పట్టుకొని మధ్యలో నిలబడతాడు, తరువాత ఒక చేయి పైకి లేస్తుంది. 3-2 తేడాతో ఎవరినైనా గెలిపించండి, కానీ ఆ నిర్ణయం ఇంటర్వెల్ సన్నివేశం రాయకముందే తీసుకోండి, లేకపోతే రెండో సగమంతా ఇద్దరినీ మోస్తూ తడబడుతుంది. బౌట్ అయ్యాక బాక్సర్ ఎదుటివాడి కార్నర్‌కు వెళ్లి అక్కడి శిక్షకుడికి చేయి కలపడం ఆనవాయితీ. మీ కథలో ఆ రెండు కార్నర్‌లలోనూ సార్ లేడు, కాబట్టి ఇద్దరూ ఎటు నడుస్తారో, ఎవరు ముందు నడుస్తారో రాయండి. గెలిచినవాడు క్షమాపణ చెప్పే సంభాషణ అక్కడ పెట్టకండి. వాడు చేసిన తప్పేమీ లేదు.

స్క్రిప్టు పూర్తయ్యాక హైదరాబాద్‌లోని తెలుగు సినీ రచయితల సంఘంలో రిజిస్టర్ చేయించుకోండి. 2024లో వచ్చిన కొత్త నియమాల ప్రకారం సెన్సార్ బోర్డు యూఏ సర్టిఫికెట్‌ను 7, 13, 16 ఏళ్లు అనే మూడు వయసుల వారీగా ఇస్తోంది. స్టేడియంలో ఈ ఆట నేర్చుకునే పిల్లలు మీ సినిమా చూడాలనుకుంటే నెత్తురు ఎంత చూపాలో ఇప్పుడే లెక్క చూసుకోవాలి. నిర్మాత దగ్గరికి వెళ్లేముందు ఒక సాయంత్రం, మీరు మూల కూర్చొని చూసిన ఆ సెంటర్ కోచ్‌కు, అక్కడి ఇద్దరు ముగ్గురు సీనియర్ బాక్సర్లకు బౌట్ సన్నివేశాలను పైకి చదివి వినిపించండి. వారు ఎక్కడ "గట్ల కాదు సార్" అంటారో అక్కడ గుర్తు పెట్టుకొని, ఎందుకు కాదో లేచి నిలబడి చేసి చూపమని అడగండి.